లారీ వచ్చిందని కోల్డ్ స్టోరేజీ కూలుస్తామా?

"అన్నీ నెట్‌లో ఉన్నాయి కదండీ, ఇంకా ఆ పాత కాగితాల గోలెందుకు?"

వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం ప్రస్తావన వస్తే, నలుగురు కూర్చున్నచోట ఎవరో ఒకరు ఈ మాట అనక మానరు. అనేవాళ్ళు చదువు లేనివాళ్ళేం కారు. ఇంజనీర్లు, మాస్టార్లు, ఓట్లడిగి గెలిచినవాళ్ళు. ఏ ఊరి గ్రంథాలయానికైనా బీరువా కొనాలన్నా, కారుతున్న కప్పు బాగుచేయించాలన్నా, బైండింగుకు నాలుగు రూపాయలు ఇవ్వాలన్నా అడ్డం పడేది ఈ మాటే. వినడానికి కొత్తగా ఉంటుంది, అన్నవాడికి తెలివైనవాడన్న పేరొస్తుంది, పైగా ఖర్చు తప్పుతుంది. ఒక్కటే చిక్కు. ఇంటర్నెట్ ఎలా పనిచేస్తుందో తెలిసినవాడు ఈ మాట అనలేడు.

ఇంటర్నెట్ మోస్తుంది. దాచదు. ఈ రెండూ వేరువేరు పనులు.

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల పుట్టినవాడికి ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కల్లంలో ఆరిన కాయను టిక్కీలకు, అంటే బస్తాలకు ఎత్తి లారీ మీద వేస్తే యార్డుకు చేరుతుంది. ఆ రోజు ధర గిట్టలేదనుకోండి, రైతు సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి రసీదు జేబులో వేసుకుని ఇంటికొస్తాడు. లారీ పని లారీది, కోల్డ్ స్టోరేజీ పని కోల్డ్ స్టోరేజీది. హైవే వెడల్పు చేశారు కాబట్టి ఇక కోల్డ్ స్టోరేజీలు మూసేద్దామని యార్డులో ఎవరైనా అంటే, వడదెబ్బ తగిలిందేమోనని నీడకు లాక్కెళ్ళి మజ్జిగ పోస్తారు. అదే మాట పుస్తకాల గురించి అంటే సభల్లో చప్పట్లు పడుతున్నాయి.

టిక్కీల పోలిక ఊరికే తెచ్చింది కాదు. ఇంటర్నెట్ అచ్చంగా టిక్కీల రవాణాయే. 1960ల్లో అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే ఆలోచన చేశారు. సందేశాన్ని గంపగుత్తగా పంపొద్దు, చిన్న ముక్కలు చేద్దాం, ప్రతి ముక్క మీదా చేరాల్సిన చిరునామా రాద్దాం, ఏ దారి ఖాళీగా ఉంటే ఆ దారిన తోలేద్దాం అని. ఆ ముక్కకు ప్యాకెట్ అని పేరు పెట్టింది డేవిస్. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు ఇంటర్నెట్ పూర్వరూపమైన ఆర్పానెట్ మీద తొలి సందేశం బయల్దేరింది. 'లాగిన్' అని పంపబోతే ఎల్, ఓ అన్న రెండక్షరాలు చేరాయో లేదో అవతలి యంత్రం కూలబడింది. 1918లో పుట్టిన వేటపాలెం గ్రంథాలయానికి అప్పటికే యాభై ఏళ్ళు దాటాయి. తరవాత విన్‌టన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ 1974లో ప్యాకెట్ల రవాణాకు రాసి ప్రకటించిన నియమాలు పదునెక్కి, 1983 జనవరి 1 నుంచి ఆర్పానెట్ అంతటా అమల్లోకి వచ్చాయి. ఇవాళ ఫోన్లు నడుస్తున్నదీ వాటి మీదే. మన దేశంలో మామూలు జనానికి కనెక్షన్లు ఇవ్వడం విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న మొదలుపెట్టింది.

ఒక్క ముక్కను దగ్గరగా చూద్దాం. 'వేటపాలెం' అన్న పేరు తీసుకోండి. వ, దానికి ఏత్వం, ట, ప, దానికి దీర్ఘం, ల, దానికి ఎత్వం, చివర సున్నా. కంప్యూటరు లెక్కలో ఎనిమిది గుర్తులు. వెబ్‌లో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు తింటుంది, అంటే ఊరిపేరుకు ఇరవై నాలుగు. ఒక ప్యాకెట్టులో మామూలుగా పట్టేది 1,500 బైట్లు. అందులో ఓ నలభై చిరునామాలకూ లెక్కలకూ పోతాయి. మిగిలినదాంట్లో తెలుగు గుర్తులు ఐదొందలకు కాస్త తక్కువ పడతాయి. ఈ వ్యాసాన్ని కుదించకుండా ఎవరి ఫోనుకైనా పంపాలంటే ఇరవైకి అటూఇటూగా టిక్కీలు కావాలన్నమాట.

ఇప్పుడు దారిలో ఏం జరుగుతుందో చూడండి. ప్రతి కూడలిలో రూటర్ అనే యంత్రం ఉంటుంది. ప్యాకెట్టు మీద చిరునామా చదువుతుంది, తరవాతి మజిలీకి తోస్తుంది, మరిచిపోతుంది. వరస నిండిపోతే కొత్తగా వచ్చిన ప్యాకెట్టును పారేస్తుంది. అది యంత్రం చెడిపోవడం కాదు, దానికి నేర్పిన పద్ధతే అది. పైగా ప్రతి ప్యాకెట్టు నుదుటా ఆయుష్షు రాసి ఉంటుంది, చాలాసార్లు 64. రూటరు దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. సున్నా అయిందా, ఎక్కడుంటే అక్కడే చెత్తబుట్ట. దారి తప్పిన ముక్కలు వలలో పడి శాశ్వతంగా తిరక్కుండా పెట్టిన ఏర్పాటు ఇది. అంటే మరపును ఇంటర్నెట్‌లోకి పట్టుబట్టి మరీ పెట్టారు.

మరి పోయిన ముక్క సంగతి? పంపినవాడే లెక్క చూసుకుని మళ్ళీ పంపుతాడు. అవతలి నుంచి 'అందింది' అని కబురు వచ్చేదాకా అసలు ప్రతి వాడి దగ్గర భద్రంగా ఉండాలి. ఇంటర్నెట్ నమ్మకమంతా ఈ ఒక్క షరతు మీద నిలబడి ఉంది: పంపే చివర ఎవరో ఒకరు అసలు దాచి ఉంచాలి. దారిని తేలిగ్గా ఉంచండి, బాధ్యత చివర్లకు వదిలేయండి అని సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ అనే ముగ్గురు 1981లో ఒక పత్రమే రాశారు. అణుబాంబు పడ్డా చెక్కుచెదరకుండా సమాచారం మిగలాలనే ఇంటర్నెట్ కట్టారని మన దగ్గర ఒక కథ ప్రచారంలో ఉంది. బారన్ ఆలోచించింది యుద్ధకాలపు టెలిఫోను గురించే, నిజమే. ఆర్పానెట్ కట్టింది మాత్రం దూరాన ఉన్న కంప్యూటర్లను పరిశోధకులు పంచుకోవడానికి. ఆ కథను ఉన్నదున్నట్టు నమ్మినా, బాంబు తరవాత మాట చేరడం గురించే అది చెబుతుంది. పుస్తకం మిగలడం గురించి అందులో ఒక్క ముక్కా లేదు.

"దాచడానికి క్లౌడ్ ఉందిగా" అంటారు. పేరు మబ్బు, సరుకు మాత్రం నేల మీదే. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి డేటా సెంటర్ కడతామని ప్రకటించింది. ఎకరాల భూమి, గిగావాట్ల కరెంటు, యంత్రాలను చల్లబరిచే ఏర్పాట్లు. వింటుంటే ఏం గుర్తొస్తోంది? కోల్డ్ స్టోరేజీయే. ఇంటర్నెట్ ఉండగా ఈ బిల్డింగెందుకని గూగుల్‌ను మాత్రం ఎవరూ అడగరు. ఆ ప్రశ్న గ్రంథాలయానికే.

పైగా ఆ కోల్డ్ స్టోరేజీలో సరుకు ఎన్నాళ్ళుంటుంది? యజమానికి గిట్టినన్నాళ్ళు. జనం సొంతంగా పేజీలు కట్టుకున్న జియోసిటీస్‌ను యాహూ 2009లో మూసేసింది. మన ఇంజనీరింగు కాలేజీ కుర్రాళ్ళు రాత్రింబగళ్ళు గడిపిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న ఆగిపోయింది. అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2024లో ఒక లెక్క తీసింది: 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ళ తరవాత తెరుచుకోవడం లేదు. మరీ తమాషా ఏమిటంటే, వెబ్‌ను పుట్టించిన సెర్న్ ప్రయోగశాల దగ్గరే తన తొలి పేజీ తొలి రూపం లేదు. వెబ్ రూపకర్త టిమ్ బెర్నర్స్-లీ దాన్ని ఎప్పటికప్పుడు దిద్దుకుంటూ పోయారు, పాతది చెరిగిపోయింది. 2013లో ఆ పాత చిరునామాలో మళ్ళీ నిలబెట్టగలిగింది 1992 నాటి నకలు. తన పుట్టుకనే దాచుకోలేని వస్తువుకు మన తాతల పత్రికలు అప్పజెబుదామంటున్నారు.

తెలుగు సంగతికొద్దాం. ఇక్కడ కథ ఇంకా దగ్గరగా తగులుతుంది.

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో కంప్యూటర్ శాస్త్రానికిచ్చే ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి పూనికతో పది లక్షల పుస్తకాల ప్రాజెక్టు నడిచింది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ, బెంగళూరు ఐఐఎస్‌సీ చేతులు కలిపాయి. 2007 నాటికి ప్రపంచం మొత్తం మీద స్కాన్ చేసిన పదిహేను లక్షల పుస్తకాల్లో తెలుగువి యాభై వేల దాకా ఉన్నాయి. అరబిక్‌వి నలభై వేలే! తెలుగువాడు గర్వపడాల్సిన పని, సందేహం లేదు. ఆ పుస్తకాలు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో ప్రభుత్వ చిరునామాల్లో ఉండేవి. ఇవాళ ఆ చిరునామాలు కొట్టి చూడండి, తెరుచుకోవు. పుస్తకాలు పూర్తిగా పోకుండా కాపాడింది కార్ల్ మలమూద్ అనే అమెరికా పెద్దమనిషి. వాటిలో నాలుగు లక్షలకు పైగా నకళ్ళు దించి అమెరికా డిజిటల్ గ్రంథాలయమైన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించాడు కాబట్టి మిగిలాయి. ఒక దేశం కట్టుకున్న డిజిటల్ గ్రంథాలయం, ఎవరో ఒక మనిషికి తోచింది కాబట్టి బతికింది. దీన్ని భద్రత అంటారా, అదృష్టం అంటారా?

అందులో వెతికినవాళ్ళకు ఇంకో బాధ తెలుసు. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, తోచినట్టు. ఒకే పుస్తకం నాలుగు స్పెల్లింగులతో కనిపిస్తుంది, కావలసిన పుస్తకం ఏ స్పెల్లింగుతోనూ కనిపించదు. కొన్నిటిలో పేజీ వంకరగా పడి చివరి మాటలు తెగిపోయాయి. స్కాన్ చేసినవాళ్ళను తిట్టి లాభం లేదు, అంత పనిలో పొరపాట్లు సహజం. కానీ తెగిన మాట ఏమిటో చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి? అసలు పుస్తకం ఉన్న బీరువా దగ్గరికి. అప్పటికే "నెట్‌లో ఉందిగా" అని ఆ బీరువా ఖాళీ చేసి ఉంటే?

అక్షరాల సంగతి మరీ విడ్డూరం. తెలుగుకు యూనికోడులో చోటు 1991లోనే దక్కింది. అయినా చాలా ఏళ్ళపాటు మన దినపత్రికల వెబ్‌సైట్లు ఎవరి సొంత ఫాంటు వాళ్ళు పెట్టుకున్నాయి. ఆ ఫాంటు లేకుండా పేజీ తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చి ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ కనిపించేవి. తెలుగు వికీపీడియా మొదలుపెట్టిన వెన్న నాగార్జున, ఆ ఫాంట్లను యూనికోడులోకి మార్చడానికి పద్మ అనే ఉపకరణం తయారుచేయాల్సి వచ్చింది. అంటే ఇరవై ఏళ్ళ కిందటి వార్తను చదవడానికి తాళంచెవి ఒకటి కావాలి, అది ఇవాళ్టి బ్రౌజరుకు సరిపోవాలి. వందేళ్ళ కిందటి ఆంధ్రపత్రిక సంపుటానికి ఇవేమీ అక్కర్లేదు. బైండు జాగ్రత్తగా రెండు చేతులతో తెరవాలి, అంచులు పెళుసెక్కి ఉంటాయి కాబట్టి పేజీని మూల పట్టి లాగకూడదు. అంతే. కళ్ళుండి, తెలుగు చదవడం వస్తే చాలు.

ఆ సంపుటాలు ఎందుకంటారా? 1921లో పన్నుల భారం మీద కడుపు మండి చీరాల, పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊళ్ళు ఖాళీ చేసి, రామనగరంలో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. వేటపాలెం పొలిమేరలో జరిగిన చరిత్ర. నెట్‌లో వెతికితే దాని మీద రెండు పేరాల సారాంశాలు బోలెడు వస్తాయి, ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసినవి. ఆ వారం పత్రిక ఆ వార్తను ఏ పేజీలో వేసింది, ఎన్ని లైన్లిచ్చింది, పక్కన ఏ మందు ప్రకటన పడింది, మర్నాడు ఎవరు ఖండించారు అన్నది కావాలంటే సంపుటం తిరగేయాలి. పరిశోధకులు రైలు దిగి వేటపాలెం వచ్చి రోజుల తరబడి కూర్చునేది అందుకు. వాళ్ళకు ఫోన్లు లేక కాదు.

చిరునామాల మాట కూడా చెప్పుకోవాలి. వెబ్‌సైటు పేరు ఎవరి సొంతమూ కాదు, ఏడాదికింతని అద్దె. కట్టడం మరిస్తే ఇంకొకరి పాలు. ప్రభుత్వ శాఖ పేరు మారినా, రాష్ట్రం విడిపోయినా లింకులు గల్లంతు. వేటపాలెం ఈ వందేళ్ళలో మూడు జిల్లాలు చూసింది. గుంటూరు జిల్లాలో ఉండేది, 1970లో కొత్త ఒంగోలు జిల్లాలోకి వెళ్ళింది, దానికి తరవాత ప్రకాశం పేరు పెట్టారు, 2022లో బాపట్ల జిల్లాలోకొచ్చింది. వి.వి. శ్రేష్ఠి, ఆయన మిత్రులు 1918లో మొదలుపెట్టిన గ్రంథాలయం మాత్రం ఆ ఊళ్ళోనే ఉంది. 1929లో గాంధీజీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు, ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ ఉంది. స్టేషన్లో దిగి ఎవరినడిగినా దారి చెబుతారు. 'పేజీ దొరకలేదు' అని ఎవరూ అనరు.

ఇక్కడ ఎదుటివాళ్ళ వాదనలో బలమైన ముక్కను దాటేయడం న్యాయం కాదు. కాగితం మాత్రం చిరంజీవా? తీరప్రాంతం, ఉప్పుగాలి, తుపాన్లు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. చెదలు సరేసరి. 2000 ఆగస్టు వరదల్లో హైదరాబాదు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్ళు చేరి ఎన్నో పుస్తకాలు తడిసి పాడయ్యాయి. ఒకేచోట ఒకే ప్రతి ఉండటం ప్రమాదమే. స్కాన్ చేయాలి, నకళ్ళు నాలుగుచోట్ల పెట్టాలి, పేర్లు తెలుగులో సరిగ్గా రాయాలి. చీరాల మగ్గం ఇంటి పిల్ల బస్సు ఛార్జీ లేకుండా రాత్రి పదింటికి భారతి పత్రిక పాత సంచిక ఫోనులో చదవగలిగితే అంతకన్నా కావలసిందేముంది? విద్యుత్ స్తంభాల మీదుగా ఇళ్ళకు ఫైబరు లాగిన రాష్ట్రం మనది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా మొదలైన ఆ పథకంలో ఇంటర్నెట్, టీవీ, ఫోను కలిపి నెలకు 149 రూపాయలే అన్నారు. దారి పడింది. ఆ దారిన పంపడానికి ఇవతలి చివర సరుకుండాలి కదా, దాన్నే తగలేద్దామంటే ఎలా?

మోయడానికీ దాచడానికీ పొత్తు కుదురుతుందని మనవాళ్ళకు ఎప్పుడో తెలుసు. 1935లో గ్రంథాలయోద్యమకారుడు పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లా కాలవ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. రేవులో పడవ ఆగితే రైతులొచ్చి పుస్తకం తీసుకునేవాళ్ళు. ఒడ్డున పుస్తకాలు కూడబెట్టినవాళ్ళు ఉన్నారు కాబట్టి ఆ పడవ నిండింది.

చట్టం అడ్డు ఒకటుంది. దీని గురించి 'అన్నీ నెట్‌లో ఉన్నాయి' అనేవాళ్ళు నోరెత్తరు. మన దేశంలో రచయిత పోయాక అరవై ఏళ్ళదాకా కాపీరైటు ఉంటుంది. నిన్నమొన్నటి తరం రచయితల పుస్తకాలు వారసుల అనుమతి లేకుండా నెట్‌లో పెట్టడం చట్టం ఒప్పని పని. చాలా పుస్తకాలకు ప్రచురణకర్త లేడు, వారసులెక్కడున్నారో తెలియదు. అవి మళ్ళీ అచ్చుకావు, నెట్‌లోకీ రావు. వాటికి మిగిలిన చోటు గ్రంథాలయం బీరువాయే. ఇంటర్నెట్ ఆర్కైవ్ అంతటిది కూడా అమెరికా ప్రచురణకర్తలతో దావా ఓడిపోయి ఐదు లక్షల పుస్తకాలను అరువిచ్చే జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది. ఆ ఆర్కైవే 2024 అక్టోబరులో సైబర్ దాడికి గురై కొన్ని రోజులు మూతపడింది. ఆ కొన్ని రోజులూ మన డిజిటల్ లైబ్రరీ తెలుగు పుస్తకాల అక్కడి నకళ్ళకూ తాళం పడింది.

కాబట్టి గ్రంథాలయానికి డబ్బు ఇవ్వడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పండి, ఇంటర్నెట్‌ను అడ్డం పెట్టుకోకండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా జనం కడుతూనే ఉన్నారు. వసూలైన ఆ పైసలు గ్రంథాలయ సంస్థలకు సరిగ్గా చేరవన్న ఫిర్యాదు ఇవాళ్టిది కాదు. అవి చేరితే బైండింగుకూ, స్కానరుకూ, పేర్లు సరిచూసే ఇద్దరు మనుషులకూ దారి దొరుకుతుంది.

పాఠకులకు ఒక మనవి. ఇంట్లో అటక మీద పాత పత్రికల కట్టలుంటే పాతపేపర్లవాడికి తూకానికి వేసే ముందు వేటపాలెం గ్రంథాలయానికో, మీకు దగ్గరలో ఉన్న ఇంకో పాత గ్రంథాలయానికో ఒక్క ఫోను చేయండి. వాట్సాప్‌లో చేసినా ఫరవాలేదు.